డిగ్రీ లేని లెనిన్‌గ్రాడ్ ప్రొఫెసర్: రాహుల్ సాంకృత్యాయన్ రష్యన్ నేర్చుకున్న కథ

1945 జూన్‌లో యుద్ధం నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్న లెనిన్‌గ్రాడ్ నగరానికి ఒక భారతీయుడు చేరుకున్నారు. అక్కడి విశ్వవిద్యాలయం ఆయన్ను ప్రొఫెసర్‌గా తీసుకుంది. వయసు 52. చేతిలో పీహెచ్‌డీ లేదు, ఎం.ఏ. లేదు, చివరికి మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్ కూడా లేదు. చదువు ఉర్దూ మిడిల్ స్కూలుతో ఆగిపోయింది.

ఆయనే రాహుల్ సాంకృత్యాయన్. తెలుగు పాఠకులకు ఈ పేరు కొత్త కాదు. ‘ఓల్గా నుంచి గంగకు’ చదవకుండా వామపక్ష సాహిత్యంలోకి అడుగుపెట్టినవాళ్లు మన దగ్గర తక్కువ. సింహ సేనాపతి, జయ యౌధేయ ఇంట్లో ఏదో ఒక మూల కనిపించే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. యాత్రికుడిగా, బౌద్ధ పండితుడిగా, కమ్యూనిస్టుగా ఆయన మీద చాలా రాశారు. కానీ ఆయన జీవితంలో రష్యన్ భాష ఒక విడి అధ్యాయం. దాన్ని ఆయన ఎందుకు నేర్చుకున్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, అందుకు ఎవరు ఏం చెల్లించారు అన్నది పెద్దగా చర్చకు రాదు. ముప్పైకి పైగా భాషలు వచ్చిన మనిషి అన్న ఒక్క వాక్యంలో అదీ కలిసిపోతుంది. ఆ లెక్క ఎవరూ పరీక్ష పెట్టి తేల్చింది కాదనుకోండి.

పారిపోవడంతో మొదలైన చదువు

1893 ఏప్రిల్ 9న ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా పందహా గ్రామంలో, అమ్మమ్మ గారింట్లో పుట్టారు. అసలు పేరు కేదార్‌నాథ్ పాండే. సైన్యంలో పనిచేసి వచ్చిన తాతగారు దూరదేశాల కబుర్లు చెబుతుండేవారు. బళ్లో ఉర్దూ వాచకంలో ఒక చిన్న పద్యం ఉండేది. బతికుండగానే లోకం చూసి రమ్మని దాని భావం. ఈ రెండూ కలిసి ఆ పిల్లాడిని ఇంట్లో నిలవనివ్వలేదు. ఊహ తెలిసీ తెలియని వయసులో పెద్దలు చేసిన పెళ్లిని ఆయన ఎప్పుడూ పెళ్లిగా ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి మాత్రం జీవితాంతం అత్తవారింట్లోనే ఉండిపోయింది. రాహుల్ జీవితచరిత్రల్లో ఈ సంగతి ఒకటి రెండు వాక్యాల్లో తేలిపోతుంది.

ఆ తర్వాతి పాతికేళ్లను ఎవరూ ఒక వరుసలో చెప్పలేరు. బిహార్‌లోని పర్సా మఠంలో వైష్ణవ సాధువు. పేరు రాముదార్ దాస్. తమిళనాడులోని తిరుమళిశైలో కొంతకాలం చదువు. ఆగ్రాలో ఆర్యసమాజ్ విద్యార్థి. ఛప్రాలో కాంగ్రెస్ కార్యకర్త. బక్సర్, హజారీబాగ్ జైళ్లు. 1927లో శ్రీలంక వెళ్లి కెలనియలోని విద్యాలంకార పిరివెణలో సంస్కృతం చెబుతూ పాళీ నేర్చుకున్నారు. 1929లో మారువేషంలో టిబెట్‌లో ప్రవేశించారు. 1930లో బౌద్ధ భిక్షువై రాహుల్ సాంకృత్యాయన్ అయ్యారు.

ఈ ప్రయాణాల్లో ఒక పద్ధతి ఉంది. ఏ భాషనైనా ఆయన ఆ భాష కోసం నేర్చుకోలేదు. ముందు ఒక పుస్తకం కావాలి, లేదా ఒక మనిషితో పని పడాలి, లేదా ఒక సరిహద్దు దాటాలి. దాని వెనకాలే భాష వచ్చేది. టిబెటన్ అలా వచ్చింది, రష్యన్ కూడా అలాగే.

పీటర్స్‌బర్గ్ వైపు చూపు

ఒక బౌద్ధ భిక్షువుకు రష్యాతో ఏం పని? 19వ శతాబ్దంలోనే సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రపంచంలోని గొప్ప సంస్కృత కేంద్రాల్లో ఒకటి. బోట్‌లింక్, రోత్ కూర్చిన ఏడు సంపుటాల సంస్కృత నిఘంటువును 1855-75 మధ్య ప్రచురించింది అక్కడి సైన్సెస్ అకాడమీయే. ఇవాన్ మినాయెవ్ బౌద్ధ అధ్యయనాలకు పునాది వేశారు. ఆయన శిష్యులు సెర్గీ ఓల్డెన్‌బర్గ్, ఫ్యోదర్ షెర్బాత్‌స్కోయ్. మనవాళ్లు శ్చెర్బాత్‌స్కీ అని రాసే ఈ పండితుడి ‘బుద్ధిస్ట్ లాజిక్’ 1930-32లో రెండు సంపుటాలుగా ఇంగ్లిష్‌లో వచ్చింది. దిఙ్నాగుడు, ధర్మకీర్తి కేవలం మతగురువులు కారని, ప్రపంచస్థాయి తార్కికులని యూరప్‌ను ఒప్పించిన పుస్తకం అది.

షెర్బాత్‌స్కోయ్‌కి పెద్ద లోటు ఒకటి ఉండేది. ధర్మకీర్తి ప్రధాన గ్రంథం ప్రమాణవార్తికం సంస్కృత మూలం దొరకడం లేదు. పండితులు టిబెటన్ అనువాదాన్ని పట్టుకుని పనిచేస్తున్నారు. సరిగ్గా ఆ మూలం కోసమే రాహుల్ టిబెట్ మఠాలను గాలిస్తున్నారు. 1929 నుంచి 1938 వరకు నాలుగుసార్లు వెళ్లారు. మొదటి యాత్ర నుంచి తిరిగొస్తూ కంచర గాడిదల మీద వేసుకొచ్చిన పుస్తకాలు, చిత్రపటాలు ఇప్పుడు పట్నాలో ఉన్నాయి. తర్వాతి యాత్రల్లో తాళపత్రాలు బయటపడ్డాయి. ప్రమాణవార్తికం దొరికింది. మన నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టే నాగార్జునుడి విగ్రహవ్యావర్తని కూడా దొరికింది. భారతదేశంలో వందల ఏళ్ల కిందటే కనుమరుగైన గ్రంథాలివి.

ఒకరి దగ్గర ప్రతులున్నాయి, ఇంకొకరి దగ్గర వాటిని చదివి విశ్లేషించే యంత్రాంగం ఉంది. ఇద్దరూ కలవడం సహజమే. 1935లో జపాన్, కొరియా, మంచూరియా మీదుగా సైబీరియా రైలెక్కి రాహుల్ మాస్కో చూశారు గానీ ఆ ప్రయాణంలో నిలకడగా ఉండే వీలు దొరకలేదు. సోవియట్ అకాడమీ పిలుపుతో 1937 నవంబరులో లెనిన్‌గ్రాడ్ చేరారు.

ఆ నవంబరు

ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే 1937 నవంబరు మామూలు నెల కాదు. స్టాలిన్ అరెస్టులు పతాకస్థాయిలో ఉన్న రోజులవి. లెనిన్‌గ్రాడ్‌లోని భారత అధ్యయనాల విభాగం వాటి నుంచి తప్పించుకోలేదు.

షెర్బాత్‌స్కోయ్ శిష్యుల్లో మేటి ఆండ్రీ వొస్త్రికోవ్. టిబెటన్ చారిత్రక సాహిత్యం మీద ఆయనది లోతైన పని. ఆ ఏడాదే అరెస్టు చేసి సెప్టెంబరులో కాల్చిచంపారు. బెంగాలీ నేర్చుకుని టాగూర్‌ను రష్యన్‌లోకి తెచ్చిన మిఖాయిల్ తుబ్యాన్‌స్కీకి కూడా అదే గతి. ఆయన్ను కాల్చింది ఆ నవంబరులోనే.

హైదరాబాద్‌కు సంబంధించిన పేరు కూడా ఒకటుంది. సరోజినీ నాయుడి తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ. బెర్లిన్‌లో భారత విప్లవకారులను కూడగట్టిన చట్టో, చివరి సంవత్సరాల్లో లెనిన్‌గ్రాడ్‌లోని మానవశాస్త్ర సంస్థలో పనిచేశారు. 1937 జులైలో అరెస్టయ్యారు. సెప్టెంబరు 2న మరణశిక్ష అమలైంది. రాహుల్ ఆ నగరంలో దిగడానికి రెండున్నర నెలల ముందు.

అయితే ఇప్పుడు మనకు తెలిసినవన్నీ అప్పుడు వాళ్లకు తెలుసనుకోకూడదు. కాల్చిచంపినవాళ్ల కుటుంబాలకే అధికారులు నిజం చెప్పలేదు. ఉత్తరాలు రాసే హక్కు లేని పదేళ్ల శిక్ష పడిందని చెప్పి పంపేవారు. అసలు తేదీలు దశాబ్దాల తర్వాతే బయటపడ్డాయి. కానీ ఖాళీ అయిన కుర్చీలు కళ్లకు కనిపిస్తాయి కదా. ఇండో-టిబెటన్ విభాగానికి అతిథిగా వెళ్లిన పండితుడికి ఆ విభాగంలో ఎవరు లేరో తెలియకుండా ఉండదు. అయినా సోవియట్ వ్యవస్థ మీద రాహుల్ నమ్మకం చెదరలేదు. తిరిగొచ్చాక 1938లో ‘సోవియత్ భూమి’ అనే పుస్తకం రాశారు. దేశమంతా కొత్త లోకం కోసం ఎదురుచూస్తున్న పాఠకులకు అది ఆ లోకాన్ని చూపించింది. 1950లలో స్టాలిన్ జీవితచరిత్ర కూడా రాశారు, అభిమానంతోనే.

వేదప్రామాణ్యాన్ని, దేవుణ్ణి, చివరికి బౌద్ధాన్ని కూడా ప్రశ్నించి ముందుకు సాగిన మేధావి ఈ ఒక్క విషయంలో ప్రశ్న వేయలేదు. వలస పాలనలో జైళ్లు చూసిన తరానికి మాస్కో అంటే ఏమిటో మనం మర్చిపోకూడదు. దాన్ని లెక్కలోకి తీసుకున్నా సరే, ఇది ఆయన ఖాతాలో మిగిలిపోయే లోటేనని నా అభిప్రాయం.

పాఠానికి పాఠం

విభాగంలో ఒక కార్యదర్శి ఉండేవారు. ఎలెనా నర్వెర్తొవ్నా కొజెరోవ్‌స్కయా. ఇంట్లో పిలిచే పేరు లోలా. ఫ్రెంచ్, ఇంగ్లిష్‌తో పాటు మంగోలియన్ తెలుసు. ఆమెకు సంస్కృతం కావాలి, ఆయనకు రష్యన్ కావాలి. ఒకరికొకరు పాఠాలు చెప్పుకోవడంతో పరిచయం మొదలైంది. కొద్ది వారాల్లోనే పెళ్లి దాకా వెళ్లింది. భిక్షు జీవితం అక్కడితో ముగిసింది.

సంస్కృతం వచ్చినవాడికి రష్యన్ పాఠం మొదటిరోజే చుట్టరికం కలిపేస్తుంది. సోదరుడు బ్రాత్, మన భ్రాత. తల్లి మాత్, మాత. తలుపు ద్వేర్, ద్వారం. ఇల్లు దోమ్, వేదంలోని దమ. నిప్పు అగోన్, అగ్ని. ఆకాశం నేబొ, నభం. తేనె మ్యోద్, మధు. వసంతం వెస్నా. రెండు ద్వా, మూడు త్రి. తెలియడానికి పాత క్రియ వేదత్. ఇవన్నీ రష్యన్ భారతదేశం నుంచి తీసుకున్న అరువు మాటలు కావు. రెండూ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి చీలిన శాఖలు కావడం వల్ల మిగిలిన పోలికలు. వాట్సాప్‌లో తిరిగే కథనాలు దీన్ని తలకిందులు చేస్తుంటాయి కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

పదాల దగ్గర దొరికే ఈ సుఖం వాక్యాల దగ్గరికొచ్చేసరికి పరీక్షగా మారుతుంది. రష్యన్‌లో ఆరు విభక్తులు. ఎనిమిది విభక్తులు వల్లెవేసిన సంస్కృత పండితుడికి అదేమంత భయం కాదు. మాకు తెలుగులో ఇది నా ఇల్లు అన్నప్పుడు క్రియ అక్కర్లేనట్టే రష్యన్‌లోనూ అక్కర్లేదు. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లు తడబడే చోట మనవాళ్లు సులువుగా దాటేస్తారు. అసలు చిక్కంతా క్రియల్లో ఉంది. దాదాపు ప్రతి పనికీ రెండు క్రియలు. ఒకటి జరుగుతున్న లేదా అలవాటైన పనికి, ఇంకొకటి పూర్తయిన పనికి. చదివాను, చదివేశాను మధ్య మనకున్న తేడా లాంటిదే కొంతవరకు. కాకపోతే రష్యన్‌లో దాని నుంచి తప్పించుకునే దారి లేదు. ప్రతి వాక్యంలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే. రష్యన్ నేర్చుకున్న ఎవరినైనా అడగండి, అయిదేళ్ల తర్వాత కూడా అక్కడే తప్పు చేస్తామంటారు.

ఈ చుట్టరికం రాహుల్‌కు కేవలం వ్యాకరణ విశేషం కాలేదు. వోల్గా తీరాన ఒకప్పుడు ఉన్న ఒక జనం, గంగ ఒడ్డుకు చేరేసరికి ఇంకొక జనమైన కథకు అది బీజం.

1938 జనవరిలో ఆయన భారత్‌కు బయల్దేరారు. లోలా వెంట రాలేకపోయారు. సెప్టెంబరులో కొడుకు పుట్టాడు. పేరు ఇగోర్. తండ్రికి ఆ సంగతి ఉత్తరంలో తెలిసింది.

పలాస అధ్యక్షుడు, జైలులో వోల్గా

తిరిగొచ్చిన మనిషి పుస్తకాల గదిలో కూర్చోలేదు. నాలుగోసారి టిబెట్ వెళ్లొచ్చి, 1939లో బిహార్‌లోని అమ్‌వారీలో రైతుల పక్షాన నిలబడ్డారు. జమీందారు మనుషుల దెబ్బకు తల పగిలింది. ఆ తర్వాత జైలు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ అయిదో మహాసభలు మన పలాసలో జరిగాయి. అధ్యక్షుడిగా ఎన్నికైంది రాహుల్. సభకు రావలసిన సమయానికి ఆయన్ను అరెస్టు చేశారు. ఆయన స్థానంలో గదర్ వీరుడు బాబా సోహన్ సింగ్ భక్నా అధ్యక్షత వహించారు. ఉద్దానం కొబ్బరితోటల మధ్య ఆ సభకు వచ్చిన రైతులకు ఆయన దర్శనం కాలేదు.

హజారీబాగ్, దేవ్‌లీ, మళ్లీ హజారీబాగ్. రెండేళ్లకు పైగా నిర్బంధం. ‘దర్శన్ దిగ్దర్శన్’ వంటి పెద్ద పుస్తకాలు రాసింది ఆ కాలంలోనే. 1942లో హజారీబాగ్ జైల్లో ‘వోల్గా సే గంగా’ పూర్తయింది. క్రీస్తుపూర్వం 6000లో వోల్గా ఎగువ తీరంలో మొదలై 1942 భారతదేశంలో ముగిసే ఇరవై కథలు. మొదటి కథలో మంచు, ఆకలి, పిల్లల్ని కాపాడుకునే ఒక తల్లి.

అదే సమయంలో లెనిన్‌గ్రాడ్‌ను జర్మన్ సేనలు చుట్టుముట్టి ఉన్నాయి. 1941 సెప్టెంబరు 8 నుంచి 1944 జనవరి 27 దాకా, 872 రోజులు. మొదటి చలికాలంలో చాలామందికి రోజుకు 125 గ్రాముల రొట్టె దక్కింది. లక్షల మంది ఆకలితో చనిపోయారు. షెర్బాత్‌స్కోయ్‌ను మరికొందరు పండితులతో కలిపి కజకిస్థాన్‌లోని బొరొవోయెకు తరలించారు. ఆయన 1942 మార్చిలో అక్కడే మరణించారు. రాహుల్ జైల్లో కూర్చుని వోల్గా తీరపు మంచులో తల్లీబిడ్డల కథ రాస్తున్నప్పుడు ఆయన భార్య, మూడేళ్ల కొడుకు ఆ యుద్ధంలో ఉన్నారు. కథకూ దీనికీ సంబంధం ఉందని నేను తేల్చి చెప్పలేను. కానీ ఈ సంగతి తెలిశాక నిశ కథను మునుపటిలా చదవడం కష్టం.

పాతిక నెలలు

1944 అక్టోబరులో రాహుల్ మళ్లీ బయల్దేరారు. ఈసారి భార్యాబిడ్డల దగ్గరికి కూడా. క్వెట్టా మీదుగా ఇరాన్ చేరారు. టెహ్రాన్‌లో సోవియట్ వీసా కోసం దాదాపు ఏడు నెలలు పడిగాపులు. 1945 జూన్‌లో లెనిన్‌గ్రాడ్‌లో అడుగుపెట్టేసరికి ఇగోర్‌కు ఏడో ఏడు నడుస్తోంది. తండ్రిని చూడటం అదే మొదటిసారి. పిల్లాడికి తెలిసిన భాష రష్యన్. కాబట్టి ఆ తండ్రి తన కొడుకుతో మాట్లాడాలంటే తను పెద్దయ్యాక నేర్చుకున్న భాషలోనే మాట్లాడాలి. భోజ్‌పురి ఇంట్లో పుట్టి, ఉర్దూలో చదివి, హిందీలో రాసే మనిషి, నేవా ఒడ్డున కొడుకు మాటలు విని విభక్తులు దిద్దుకునే స్థితి.

విశ్వవిద్యాలయంలో ప్రాచ్య భాషల విభాగాన్ని 1944లోనే తిరిగి తెరిచారు. భారతీయ భాషలకు అలెక్సేయ్ బరాన్నికోవ్ పెద్ద దిక్కు. షెర్బాత్‌స్కోయ్ మరణించిన ఆ బొరొవోయెలోనే యుద్ధకాలం గడిపి, తులసీదాసు రామచరితమానస్‌ను రష్యన్ పద్యాల్లోకి తెచ్చారు ఈయన. అది 1948లో అచ్చయింది. వ్లదీమిర్ కల్యానోవ్ మహాభారతం ఆదిపర్వం మీద కూర్చున్నారు. దాని అనువాదం 1950లో వచ్చింది. తిండికి కార్డులున్న దేశంలో, కిటికీలకు అద్దాలు ఇంకా పూర్తిగా పెట్టని ఊళ్లో, ప్రజాధనంతో ఆదిపర్వం అనువాదం జరగడం రాహుల్‌ను కదిలించకుండా ఉంటుందా? ప్రొఫెసర్లకు మెరుగైన రేషన్ కార్డు ఉండేది. డిగ్రీ కాగితం లేని ఆయనకూ అదే వర్తించింది. స్వదేశంలో ఏ విశ్వవిద్యాలయమూ ఆయనకు అలాంటి కుర్చీ వేయలేదు.

పాఠాలు చెప్పగా మిగిలిన సమయమంతా గ్రంథాలయంలో గడిచింది. సంస్కృతం కోసం వచ్చిన మనిషిని ఇప్పుడు మధ్య ఆసియా పట్టుకుంది. శకులు, హూణులు, కుషాణులు, తురుష్కులు మన చరిత్రలోకి ఎక్కడి నుంచి వచ్చారో ఆ గడ్డ మీద సోవియట్ పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వుతున్నారు. వాటి నివేదికలు రష్యన్‌లో ఉన్నాయి. వాటిని నేరుగా చదవగల భారతీయ చరిత్రకారులు అప్పుడు వేళ్ల మీద లెక్కించేంత మంది కూడా లేరు. ఆయన నోట్సు పుస్తకాలు నింపుకున్నారు. ఆ నోట్సే తర్వాత రెండు సంపుటాల ‘మధ్య ఏసియా కా ఇతిహాస్’ అయింది. దానికి 1958లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తాజిక్ రచయిత సద్రుద్దీన్ ఐనీ నవలలు హిందీలోకి వచ్చిందీ ఆయన చేతి మీదుగానే. దాఖుందా, జో దాస్ థే వాటిలో ముఖ్యమైనవి. తాజిక్ అంటే పారశీకపు సోదరి. ఆ రోజుల్లో దాన్ని రష్యన్ లిపిలో అచ్చువేసేవారు. ఉర్దూ, ఫార్సీ తెలిసి, రష్యన్ అక్షరాలు చదవగలవాడికి అది తెరిచి ఉన్న తలుపు. అప్పట్లో ఆ అర్హతలన్నీ ఒక్కచోట ఉన్న హిందీ రచయిత ఇంకొకరు నాకు తట్టడం లేదు.

ఈ రోజు హైదరాబాద్ ఇఫ్లూలో రష్యన్ చదివే విద్యార్థికి సిలబస్ ఉంటుంది, సెమిస్టర్లుంటాయి, బయటికొస్తే అనువాదకుడిగానో టూరిజంలోనో ఫార్మా ఎగుమతుల్లోనో ఒక ఉద్యోగం ఉంటుంది. ఢిల్లీలో రష్యన్ అధ్యయన సంస్థ ఏర్పడిందే 1965లో. తర్వాత అది జేఎన్‌యూలో భాగమైంది. అంతకు ఇరవై ఏళ్ల ముందు ఒక భారతీయుడు రష్యన్‌ను ఉద్యోగం కోసం కాకుండా చరిత్ర రాయడానికి పనిముట్టుగా పట్టుకున్నాడన్నది గుర్తుంచుకోవాల్సిన విషయం. ఆ దారిలో ఆ తర్వాత నడిచినవాళ్లు కొద్దిమందే. మనం రష్యన్ నుంచి టాల్‌స్టాయ్‌ను, గోర్కీని తెచ్చుకున్నంతగా పురావస్తు నివేదికల్ని తెచ్చుకోలేదు.

వెళ్లిపోవడం

1946 ఆగస్టులో ఇదే నగరంలో కవయిత్రి అన్నా అఖ్మతోవా, రచయిత జోషెంకోల మీద పార్టీ కేంద్ర కమిటీ తీర్మానం వచ్చింది. వాళ్లను రచయితల సంఘం నుంచి వెళ్లగొట్టారు. గాలి బిగుసుకుంది. 1947 ఫిబ్రవరి 15న సోవియట్ పౌరులు విదేశీయులను పెళ్లాడటాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు వెలువడింది. రాహుల్, లోలాల పెళ్లి అంతకు ముందుది. కానీ విదేశీయులను పెళ్లాడిన సోవియట్ మహిళలను దేశం దాటనివ్వని కాలం అది.

అటు భారతదేశం స్వతంత్రం కాబోతోంది. లెనిన్‌గ్రాడ్‌లో ఉంటే జీతం ఉంది, గ్రంథాలయం ఉంది, కుటుంబం ఉంది. హిందీ పాఠకుడు మాత్రం లేడు. తాను చేయాల్సిన పని రాయడమేనని, అది భారత్‌లోనే సాధ్యమని రాహుల్ నిర్ణయించుకున్నారు. 1947 వేసవిలో ఓడెక్కి లండన్ మీదుగా ఆగస్టు 17న బొంబాయిలో దిగారు. జెండా ఎగిరి రెండు రోజులైంది. ఇగోర్‌కు అప్పటికి తొమ్మిదేళ్లు నిండలేదు.

దీన్ని ఎలా చూడాలి? ఆయన అభిమానులు త్యాగమంటారు. త్యాగం చేసినవాడు తన వంతు వదులుకోవాలి, ఇక్కడ ఎక్కువ వదులుకోవాల్సి వచ్చింది లోలాకు, పిల్లాడికి. సంచారమే పరమధర్మమని ‘ఘుమక్కడ్ శాస్త్ర’ రాసిన మనిషికి ఇది అనుకోకుండా జరిగింది కాదు. ఆజంగఢ్‌లో ఒక భార్య, లెనిన్‌గ్రాడ్‌లో ఒక భార్య. ఇద్దరూ ఎదురుచూసినవాళ్లే. మరోవైపు, ఆయన అక్కడే ఉండిపోయి ఉంటే మధ్య ఆసియా చరిత్ర హిందీలో వచ్చేది కాదు, ఆ తర్వాతి పుస్తకాల్లో చాలా భాగం వచ్చేవి కావు. ఈ రెండు వాస్తవాలూ ఒకదాన్నొకటి రద్దు చేయవు. ‘రూస్ మే పచ్చీస్ మాస్’ అనే యాత్రాగ్రంథంలో ఆ రోజుల సంగతులన్నీ రాశారు. ధరలు, రైళ్లు, నాటకాలు, తరగతి గదులు, ఇంటి గొడవలు కూడా. తనను మంచివాడిగా చూపించుకోవడానికి ఆయన పెద్దగా ప్రయత్నించలేదు, ఆ మాత్రం ఒప్పుకోవాలి.

తర్వాతి సంవత్సరాలు తొందరగా చెప్పుకోవచ్చు. 1947 డిసెంబరులో బొంబాయి హిందీ సాహిత్య సమ్మేళనానికి అధ్యక్షత వహించి, హిందీ-ఉర్దూ వివాదంలో కమ్యూనిస్టు పార్టీ వైఖరికి భిన్నంగా మాట్లాడి పార్టీకి దూరమయ్యారు. 1955లో తిరిగి చేరారు. 1950లో కలింపోంగ్‌కు చెందిన కమలను పెళ్లాడి ముస్సోరీలో కాపురం పెట్టారు. కూతురు జయ, కొడుకు జేత. 1959లో మళ్లీ శ్రీలంక వెళ్లి విద్యాలంకారలో తత్వశాస్త్ర ఆచార్యుడయ్యారు. మొదట పాళీ నేర్చుకున్న చోటే.

1961 డిసెంబరులో పక్షవాతం వచ్చింది. జ్ఞాపకశక్తి పోయింది. ప్రతుల పేర్లు, రాజుల పేర్లు, నేర్చుకున్న భాషలు ఒక్కొక్కటిగా కాదు, ఒక్కసారే జారిపోయాయి. 1962లో చికిత్సకు మాస్కో తీసుకెళ్లారు. చుట్టూ రష్యన్ మాట్లాడే డాక్టర్లు, నర్సులు. ఏడు నెలలు ఉన్నా పెద్దగా గుణం కనిపించలేదు. 1963లో పద్మభూషణ్ ప్రకటించారు. ఆ మార్చిలో దేశానికి తిరిగొచ్చి, ఏప్రిల్ 14న డార్జిలింగ్‌లో కన్నుమూశారు. డెబ్భయ్యేళ్లు దాటి అయిదు రోజులు. డార్జిలింగ్‌లో జయ, జేత ఇంకా చిన్నపిల్లలు. లెనిన్‌గ్రాడ్‌లో ఇగోర్‌కు 24 ఏళ్లు.